కెస్లర్ బిల్డింగ్ కార్నీసు

ప్రైవేటు డిటెక్టివ్ నెటీ ప్రూయిట్ ఆఫీసుకి వచ్చేవాళ్లు మామూలుగా తాము ఏ తప్పూ చెయ్యలేదనే మాటతోనే మొదలుపెడతారు. ఆర్డిత్ లోమాక్స్ మాత్రం కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, "రోలండ్ బీమ్‌ని నేను చంపానో లేదో మీరు తేల్చి చెప్పాలి" అంది.

కిటికీ దగ్గర కాగితాలు సర్దుతున్న డ్వైట్ కోలర్ ఆగి ఆమె వంక చూశాడు. అతను ఒకప్పుడు ఆ కౌంటీ అంతా ఉత్తరాలు పంచినవాడు. ఇప్పుడు నెటీకి కారు నడుపుతాడు, తలుపులు తడతాడు, ఆమె అడిగిన ప్రశ్నలకి జనం ఇచ్చిన జవాబులు గుర్తుపెట్టుకుంటాడు. మిస్సోరీ మొత్తం మీద ఆమెకి సమానమైన బుర్ర లేదని అతని నమ్మకం. ఆ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూ ఉంటాడు.

ఆర్డిత్ చెప్పిన సంగతి ఇది. హార్లన్ లాండింగ్ అనే ఊళ్లో నది ఒడ్డున ఉన్న ఫ్రంట్ వీధి, ఆవిరి పడవల కాలంనాటి ఇటుక భవనాల వీధి. ఊరి కౌన్సిల్ దాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించి చాలా ఏళ్లయింది. అక్కడి మూడంతస్తుల కెస్లర్ బిల్డింగ్ ఆర్డిత్‌ది. కింద ఒక పక్క ఆమె బట్టల కొట్టు, రెండో పక్క రోలండ్ బీమ్ క్షౌరశాల, పైన ఎప్పుడో మూతబడ్డ డాన్సు హాలు. భవనం నెత్తిన, వీధిలోకి పొడుచుకొచ్చినట్టు, చెక్క చట్రం మీద నగిషీ రేకు తొడిగిన పెద్ద కార్నీసు ఉండేది. అక్టోబరులో ఒక శుక్రవారం తెల్లవార్లూ గాలి కొట్టింది. పొద్దున రోలండ్ తన గుమ్మం ముందు ఊడుస్తుండగా ఆ కార్నీసులో ఒక చివర విరిగి అతని మీద పడింది.

షెరీఫ్ మిద్దె ఎక్కి చూస్తే, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే ఇనుప కడ్డీలు ఆ చివర లేవు. ఎవరో నట్లు విప్పి తీసేశారు. భవనం పడగొట్టి కార్లు నిలిపే స్థలం చెయ్యడానికి అనుమతి కావాలని ఆర్డిత్, ఆమె మేనల్లుడు ట్రెంట్ అప్పటికే కౌన్సిల్‌ని అడిగి ఉన్నారు. ఊరు ఆ రెండు సంగతులూ కలిపి చూసుకుంది. ఆర్డిత్ కాఫీ హోటల్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి. రోలండ్ అంత్యక్రియలకి వెళితే అతని భార్య ఇమోజీన్ చర్చి గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపేసింది.

"బోల్టులు నేను విప్పలేదు, అది నాకు తెలుసు" అంది ఆర్డిత్. "కానీ పదేళ్లుగా ఆ మిద్దె ఎక్కి చూసినదాన్ని కాదు. వానొస్తే కారే చోట బకెట్ పెట్టేదాన్ని, అంతే. ఎవరూ విప్పకపోయినా అది పడేదేమో. నా అశ్రద్ధ వల్లే పడేదేమో. జైలుకి భయపడి రాలేదండీ నేను."

"మీ అశ్రద్ధే అని తేలితే ఏం చేస్తారు?" అని అడిగింది నెటీ.

"ఇమోజీన్ దగ్గరికెళ్లి చెప్తాను. తెలీకుండా మాత్రం ఉండలేను."

నెటీ ఆ కేసు తీసుకుంది.

మర్నాడు షెరీఫ్ మాట్ వాళ్లని మిద్దె మీదికి తీసుకెళ్లాడు. అతను భారీ మనిషి. డాన్సు హాలు వెనక ఉన్న నిచ్చెన ఎక్కేసరికి ఆయాసపడ్డాడు. నెటీ ఒకప్పుడు బీమా కంపెనీకి కాలిపోయిన గాదెలు తనిఖీ చేసి పెట్టేది. పొట్టిగా, లావుగా ఉన్నా పైకప్పుల మీద పిల్లిలా నడుస్తుంది. ఆమె నేరుగా విరిగిన చివరకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

కడ్డీలు తీసిన చోట కప్పులో రంధ్రాలు ఉండాలి. ఉన్నాయి, కానీ ప్రతి రంధ్రం మీదా చిన్న రేకు ముక్క పెట్టి తారు పూసి ఉంది. రేకు అంచులు లోపలికి మడిచి ఉన్నాయి, చొక్కా చేతి అంచు కుట్టినట్టు. నెటీ తారు మీద గోరు పెట్టి నొక్కింది. గోరు దిగింది.

"ఇవి పాత అతుకులేమో అనుకున్నాను" అన్నాడు షెరీఫ్.

"పాతవైతే రాయిలా ఉండేవి. డ్వైట్, కూలిపోవాలని బోల్టులు విప్పేవాడు, కింది గదిలోకి వాన పడకుండా ఎందుకు చూసుకుంటాడు?"

డ్వైట్ అతుకుల మీదికి వంగి చూశాడు. ఆమె అప్పటికే లేచి పొగగొట్టం దగ్గరికి వెళ్లింది. వందేళ్ల మసి పట్టి నల్లబడ్డ ఇటుక మీద, నడుం ఎత్తులో, చుట్టూరా ఒక సన్నని ఎర్ర గీత ఉంది. ఏదో ఒరుసుకుని మసి ఊడిపోయి, లోపలి ఇటుక తాజాగా కనిపిస్తోంది. నెటీ ఆ గీత వెంట వేలు జరిపింది. తర్వాత మిగిలిన కార్నీసు దగ్గరికి వెళ్లి, జేబులోంచి కత్తి తీసి దాని వెనక చెక్కలో పొడిచింది. పక్కన ఇంకో చోట, ఇంకో చోట. కత్తి మొన కాస్త కూడా దిగలేదు.

ఇది పడినప్పుడు మొదట పైకెక్కింది ఎవరని ఆమె అడిగింది.

"ఎల్స్‌బరీ మాస్టారు" అన్నాడు షెరీఫ్. "ఎదురుగా హోటల్లో ఉన్నాడంట, పరిగెత్తుకొచ్చాడు. రోలండ్ దగ్గరికి ముందు చేరింది ఆయనే. మేమొచ్చి మనిషిని లేవదీస్తుంటే, మిగతాది కూడా పడుతుందేమో చూస్తానని పైకెక్కాడు. ఈ భవనాల ఆనుపానులు ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు కదా. ఊళ్లో సగం మందికి వడ్రంగం నేర్పింది ఆయనే. నాక్కూడా."

పడిపోయిన ముక్కల్ని అగ్నిమాపక కేంద్రం వెనక టార్పాలిన్ కింద ఉంచారు. రేకు ఆకులూ గుబ్బలూ నలిగి ఉన్నాయి. నెటీ ఒక్కొక్క ముక్కా తిరగేసి వెనక వైపు చూసింది. ప్రతి ముక్క మీదా తెల్లగా ఒక అంకె, వరసగా ఉంది. అవి తయారుచేసిన ఫ్యాక్టరీ వాళ్ల గుర్తులు అన్నాడు షెరీఫ్. ఆమె బొటనవేలితో ఒక అంకె తుడిచింది. వేలికి సుద్ద అంటింది.

ఆ మధ్యాహ్నం ట్రెంట్‌ని చూశారు. ముప్పై ఐదేళ్లుంటాయి, ట్రాక్టర్లు అమ్ముతాడు. అనుమానం తన మీద ఉందని తెలుసు కాబట్టి కోపంగానే మాట్లాడాడు. ఆ భవనం కూలితే తనకి లాభమే అని ఒప్పుకున్నాడు. కానీ కూలితే మొత్తం కూలాలి గానీ అంచు రాలితే ఏం ఒరుగుతుందని అడిగాడు. ఇప్పుడు కేసు తేలేదాకా ఇటుక కూడా ముట్టుకోకూడదని కౌన్సిల్ ఆపేసింది.

"చారిత్రక ప్రాంతం కమిటీకి అధ్యక్షుడు ఎల్స్‌బరీ మాస్టారే కదా?" అంది నెటీ. "ఆయనా మీరూ గొడవపడ్డారని విన్నాను."

"ఆరేళ్లు అడ్డం పడ్డాడండీ. చివరికి ఓడిపోతాడని తెలిశాక, కనీసం కార్నీసైనా జాగ్రత్తగా దింపుకోనివ్వమని అడిగాడు. నలుగురిలో అన్నాను, బుల్‌డోజర్ తొక్కుతుంది గానీ నీకు రేకు ముక్క కూడా దక్కదని." ట్రెంట్ టోపీ తీసి తల నిమురుకున్నాడు. "ఇచ్చేస్తే పోయేది. నాకు దాంతో ఏం పని."

ఇమోజీన్ బీమ్ వంటింట్లో, ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలు బల్లంతా ఉన్నాయి. ఏ గిన్నె ఎవరిదో ఆమెకి తెలియడం లేదు. ఆర్డిత్ తరఫున వచ్చామని నెటీ దాచలేదు. ఇమోజీన్ పెదవులు బిగించింది గానీ పొమ్మనలేదు. రోలండ్ గురించి అడిగినకొద్దీ మెత్తబడింది. అతనికి శత్రువులు ఎవరూ లేరు. ఊళ్లో మగపిల్లలందరికీ మొదటి క్షవరం అతని చేతి మీదే జరిగింది. వార్నర్ ఎల్స్‌బరీ అతనికి నలభై ఏళ్ల స్నేహితుడు. ఇప్పుడు రోజూ వచ్చి పొయ్యిలోకి కట్టెలు పెట్టి వెళుతున్నాడు.

"దెబ్బ తగలగానే ప్రాణం పోయిందన్నాడు వార్నర్" అంది ఆమె. "నొప్పి తెలిసుండదన్నాడు. అదొక్కటే ఊరట నాకు."

ఆఖరి రోజుల్లో రోలండ్ ఏమైనా వింతగా ప్రవర్తించాడా అని నెటీ అడిగింది.

"ఆయన కాదు, వార్నరే కాస్త చాదస్తంగా ఉన్నాడు. షాపు వారం మూసేసి చేపలు పట్టడానికి రమ్మని ఒకటే పోరు. రోలండ్ వినలేదు. పోనీ ముందు గుమ్మం ఊడవడం మానెయ్, ఈ చలిగాలికి ఛాతీ పట్టేస్తుంది అనేవాడు. ఈయన నవ్వేవాడు. మోకాలి నొప్పని చర్చి మెట్లు ఎక్కలేనివాడు నా ఛాతీ సంగతి చూస్తాడంట అని. పాపం, కొన్ని ఆదివారాలు చర్చికే రాలేదు వార్నర్. నేను ఆపిల్ పై వండి పంపిస్తే, ఇంట్లో లేడని రోలండ్ అది గుమ్మం దగ్గర పెట్టొచ్చాడు."

నెటీ ఏదో ఆలోచించుకుంటూ కారు దగ్గరికి నడిచింది. డ్వైట్ కూడా ఆలోచిస్తున్నాడని అతని నడకే చెబుతోంది.

వార్నర్ ఎల్స్‌బరీ ఇల్లు కొండవాలు మీద, ముందు వరండా స్తంభాలన్నీ తన చేత్తో చెక్కినవే. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా మాట్లాడతాడు. వాళ్లని పనిగదిలోకి తీసుకెళ్లి గోడ మీద ఫొటో చూపించాడు. ఒక వేసవిలో తన విద్యార్థులతో కలిసి కార్నీసు బాగుచేసినప్పటిది. కింద నిచ్చెన పట్టుకుని నవ్వుతున్నది రోలండ్. ఆ రేకు పని చేసేవాళ్లు ఇప్పుడు లేరని, ఒకసారి నలిగితే మళ్లీ అలాంటిది రాదని చెబుతూ ఆయన ఫొటో అద్దాన్ని చేత్తో తుడిచాడు. డ్వైట్‌కి ఆయన నచ్చాడు.

"పైన మీకు తాడేమైనా కనిపించిందా మాస్టారూ?" అంది నెటీ మామూలుగా.

"తాడా? లేదు" అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా. ఆ తర్వాతే, ఏ తాడని అడిగాడు. నెటీ ఏదో సర్ది చెప్పి సెలవు తీసుకుంది.

దారిలో డ్వైట్, మీకు తెలిసిపోయింది కదా అన్నాడు.

"తెలిసింది. ముందు ఇమోజీన్‌ని అడగాలి, అందరి ముందు వినగలదా అని. వినలేనంటే ఆమెకి వేరుగా చెప్తాను."

ఇమోజీన్ వింటానంది. మర్నాడు మధ్యాహ్నం షెరీఫ్ అందర్నీ రోలండ్ క్షౌరశాలలో కూర్చోబెట్టాడు. ఇమోజీన్ తన భర్త కుర్చీలో కూర్చోలేదు. గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. ఆర్డిత్ ఆమెకి దూరంగా తలుపు దగ్గర నిలబడింది. ట్రెంట్ టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. ఎల్స్‌బరీ మాస్టారు కుంటకుండా నడిచి వచ్చి బెంచీ రెండో చివర కూర్చున్నాడు.

నెటీ గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

"షెరీఫ్ గారు అన్నది నిజం. కడ్డీలు మనిషే తీశాడు. ఎవరికి ఈ భవనం అక్కర్లేదో వాళ్లే తీసుంటారని అందరూ అనుకున్నారు. మిద్దె ఎక్కాక నాకు అది తలకిందులుగా కనిపించింది. తీసిన ప్రతి చోటా వాన దిగకుండా రేకు అతికారు, అదీ నేర్పున్న చెయ్యి. పడిన ముక్కల వెనక సుద్దతో అంకెలు వేశారు. అంకెలు ఎందుకు వేస్తారు? ఏ ముక్క తర్వాత ఏ ముక్కో తెలిసి, మళ్లీ అలాగే పేర్చడానికి. ఇది పడగొట్టాలనుకున్నవాళ్ల పని కాదు. భద్రంగా దింపి, ఎక్కడో దాచి, మళ్లీ నిలబెట్టాలనుకున్న మనిషి పని."

ట్రెంట్ టోపీ తిప్పడం ఆపాడు.

"కడ్డీలు తీశాక దింపేదాకా పడకుండా ఆ ముక్కని తాడుతో పొగగొట్టానికి కట్టారు. ఇటుక మీద ఒరుసుకున్న గీత ఇంకా తాజాగా ఉంది. ఆ గాలికి తాడు జారింది. కానీ షెరీఫ్ గారు పైకెళ్లేసరికి తాడు లేదు. అంటే మధ్యలో ఎవరో విప్పి తీసుకెళ్లారు. ముందు పైకెళ్లింది ఒక్కరే. మోకాలి నొప్పని ఆదివారాలు చర్చికి రాని మనిషి, ఆ రోజు నిచ్చెన ఎక్కారు. ఊరంతా చర్చిలో ఉండే వేళ వీధి ఖాళీగా ఉంటుంది. రోలండ్ ఆ ఆపిల్ పై తీసుకుని వెళ్లినప్పుడు ఆయన ఇంట్లో లేరు. షాపు మూసెయ్యమని, గుమ్మం ముందు నిలబడొద్దని రోలండ్‌ని బతిమాలింది కూడా ఆయనే."

అందరూ బెంచీ రెండో చివర వైపు చూశారు. షెరీఫ్ మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

"వచ్చే ఆదివారం దింపేసేవాణ్ణి" అన్నాడు వార్నర్ ఎల్స్‌బరీ. "రోజూ పొద్దున్నే ఎదుటి హోటల్లో కూర్చుని దాని వంకే చూసేవాణ్ణి. గాలి తగ్గాక పైకెళ్లి తాడు బిగిద్దామనుకున్నా. ఈలోగా రోలండ్ చీపురు పట్టుకుని బయటికొచ్చాడు. కిటికీ అద్దం మీద కొట్టాను. వినపడలేదు."

"చెప్పొచ్చు కదా మాస్టారూ" అన్నాడు షెరీఫ్. "ముందే రోలండ్‌కి చెప్పినా సరిపోయేది."

"చెప్తే వాడూ సాయం వచ్చేవాడు. దొరికితే ఇద్దరం దొంగలమయ్యేవాళ్లం. వాణ్ణి ఇందులోకి లాగకూడదనుకున్నాను." ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "తర్వాత ఆర్డిత్‌ని అంటుంటే విని ఊరుకున్నాను. దానికి కారణమేమీ లేదు. భయమేసింది, అంతే."

నెటీ ఆర్డిత్ వైపు తిరిగింది. "మీరు నన్ను అడిగినదానికి జవాబు చెప్తాను. అదే గాలికి, కడ్డీలు తియ్యని భాగం చెక్కు చెదరకుండా నిలబడింది. దాని చట్రంలోకి నా కత్తి దిగలేదు. ఇంకో ముప్పై ఏళ్లు ఉండేది. మీరు చంపలేదు."

ఆర్డిత్ తలుపు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. తల మాత్రం చాలాసేపు ఊపుతూనే ఉంది.

అప్పుడు ఇమోజీన్ మాట్లాడింది. కార్నీసు గురించి గానీ తాడు గురించి గానీ ఏమీ అనలేదు.

"నువ్వు ముందు చేరావు కదా వార్నర్. నిజంగానే అప్పటికే పోయాడా?"

ఆయన బెంచీ మీద ఆమె వైపు తిరిగాడు.

"లేదు. కాసేపు ఉన్నాడు. తల నా చేతుల్లోకి తీసుకున్నాను."

"ఏమైనా అన్నాడా?"

"పైకి చూశాడు. 'దూరం జరుగు వార్నర్, ఇంకా పడేలా ఉంది' అన్నాడు. అంతే. నన్ను నెట్టబోయాడు. చెయ్యి లేవలేదు."

ఇమోజీన్ ముఖం పాలిపోయింది. "రోజూ మా ఇంటికొచ్చావు" అంది. "పొయ్యిలో కట్టెలు పెట్టావు. నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగావు. ఆయన ఆఖరి మాట నీ దగ్గర పెట్టుకుని."

"నా గురించి అన్న మాట అది ఇమోజీన్. నన్ను కాపాడాలని అన్నది. అది నీకెలా చెప్పేది?"

"నాది ఆ మాట" అంది ఇమోజీన్. "నీది కాదు."

షెరీఫ్ లేచి మాస్టారి మోచెయ్యి పట్టుకున్నాడు, నేరస్తుణ్ణి పట్టుకున్నట్టు కాదు, ముసలాయన్ని మెట్లు దింపుతున్నట్టు. ట్రెంట్ వాళ్లకి తలుపు తీసి పట్టుకుని, తను కూడా వాళ్ల వెనకే వెళ్లిపోయాడు. గదిలో ఆడవాళ్లు, డ్వైట్ మిగిలారు. ఆర్డిత్ వచ్చి బెంచీ మీద, వార్నర్ లేచిన చోట కాకుండా, ఇమోజీన్ పక్కనే కూర్చుంది. ఇమోజీన్ ఆమె వైపు చూడకుండానే, చర్చి దగ్గర అలా పంపెయ్యాల్సింది కాదంది. అవును, పంపాల్సింది కాదు అంది ఆర్డిత్. నెటీ కోటు తీసుకుని డ్వైట్‌కి సైగ చేసింది.

వార్నర్ ఎల్స్‌బరీ కోర్టులో ఏ వాదనా పెట్టుకోలేదు. జడ్జి ఆయన వయసు చూసి శిక్ష తగ్గించాడు, ఆయన తగ్గించమని అడగలేదు. ఊరివాళ్లు ఆర్డిత్ కొట్టుకి మళ్లీ రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లకి బట్ట కొలిచి ఇచ్చేది గానీ కబుర్లు చెప్పేది కాదు. వసంతంలో ఆమె కెస్లర్ బిల్డింగ్ పడగొట్టించింది. రోలండ్ పడిన ఆ గుమ్మం రోజూ దాటలేనని కౌన్సిల్‌లో చెప్పింది. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. మిగిలిన కార్నీసుని పనివాళ్లు క్రేన్‌తో దింపి లారీ ఎక్కిస్తుంటే జనం ఎదుటి కాలిబాట మీద నిలబడి చూశారు. అది ఏ ముక్కా నలగకుండానే దిగింది.

ఆ వేసవిలో డ్వైట్ ఏదో పని మీద జైలుకి వెళ్లినప్పుడు, ఎవర్నో చూసి బయటికి వస్తున్న ఇమోజీన్ కనిపించింది. క్షమించారా అని అడగడం అతనికి తగనిదనిపించింది. ఆమే చెప్పింది. క్షమించడానికి రాలేదట, ఇకముందు కూడా ఆ పని తన వల్ల కాదట. రోలండ్ గొంతు ఎలా ఉండేదో ఈ మధ్య మరిచిపోతున్నానని భయమేసిందట. అందుకని వార్నర్ ఎదురుగా కూర్చుని, రోలండ్ ఎలా అన్నాడో అచ్చం అలాగే ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమని అడిగిందట.

"చెప్పాడా?" అన్నాడు డ్వైట్.

"చెప్పాడు" అంది ఇమోజీన్. "రెండుసార్లు చెప్పించుకున్నాను."